మొదటిసారి క్యాంపింగ్‌కు బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి

టెంటును ముందు ఇంటి దగ్గరే ఒకసారి వేసి చూడండి. పోల్స్, మేకులు, తాళ్లు అన్నీ ఉన్నాయా, జిప్పు సరిగా పడుతోందా అన్నది అప్పుడే తేలుతుంది. 'ముగ్గురికి' అని రాసి ఉన్న టెంటు సామానుతో కలిపి ఇద్దరికే సరి.

చలి పైనుంచే కాదు, నేల నుంచీ పట్టుకుంటుంది. ఒంటి బరువుకు స్లీపింగ్ బ్యాగ్ (లోపల దూరి పడుకునే మెత్తటి సంచి) అడుగుభాగం అణిగిపోయి వెచ్చదనాన్ని నిలపలేదు. అందుకే కింద మ్యాట్ ఉండాల్సిందే. డబ్బు తక్కువైతే బ్యాగ్ మీద తగ్గించుకోండి గానీ మ్యాట్ మీద వద్దు.

టెంటు కింద పరిచే పట్టా అంచులు బయటికి కనిపించకూడదు. కనిపిస్తే వాన నీళ్లు దాని మీద పడి నేరుగా మీ పక్క కిందికే చేరతాయి. అంచులు లోపలికి మడవండి.

ఎంత చలేసినా టెంటులో పొయ్యి, బొగ్గుల కుంపటి వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గాలి కిటికీలూ పూర్తిగా మూయొద్దు. మూస్తే ఊపిరి తేమే తెల్లారేసరికి పైకప్పు నుంచి బొట్లుగా కారుతుంది.

పడుకునేందుకు పొడి బట్టలు, సాక్సులు ఒక జత కవర్లో విడిగా. హెడ్‌ల్యాంప్ (తలకు కట్టుకునే లైటు), అదనపు బ్యాటరీలు. తాగడానికి, వంటకు కలిపి మనిషికి రోజుకు 4 లీటర్ల నీళ్లు.