డాబా మీద తెర, తెర మీద అల్లరి కుక్క

నల్లకుంటలో మా అపార్ట్‌మెంటు పిల్లలందరికీ నేను మామ్మను. ముప్పై ఏళ్ళు ఒకటో తరగతికి పాఠాలు చెప్పి రిటైరయ్యాను కాబట్టి, వేసవి సెలవుల్లో వాళ్ళను నాకు అప్పగించి తల్లులు ఊపిరి పీల్చుకుంటారు. నాలుగేళ్ళుగా ఏప్రిల్, మే నెలల్లో శనివారం రాత్రి డాబా మీద సినిమా వేస్తున్నాను. పిల్లలు అడిగేది ఒక్కటే రకం. వాళ్ళ వయసు పిల్లో పిల్లాడో ఉండాలి, పక్కన మాట వినని జంతువు ఉండాలి, పెద్దవాళ్ళు జారిపడాలి. మీరూ వేయాలనుకుంటే, దెబ్బలు తిని నేను నేర్చుకున్నది ఇది.

సినిమాను ముందు మీరొక్కరే చూడండి. పోస్టరును నమ్మకండి. 1995లో వచ్చిన ‘బేబ్’ పోస్టరు మీద ముద్దులొలికే పందిపిల్ల ఉంటుంది. దానితో ఆప్యాయంగా మాట్లాడే ముసలి గొర్రె మధ్యలో చచ్చిపోతుందని పోస్టరు చెప్పదు. ఆ ఘట్టంలో ఐదేళ్ళ పాప ఒకతె ఏడుపు ఎత్తుకుంది, తక్కిన పదకొండు మందీ అందుకున్నారు. సినిమా బంగారం లాంటిదే, ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళకు వేయండి. పందిపిల్లలు త్వరగా పెరిగిపోతాయి కాబట్టి ఆ ఒక్క పాత్రకు 48 పిల్లలను వాడారని చెబితే, మావాళ్ళు ఏడుపు మాని లెక్కలు కట్టడం మొదలుపెట్టారు. 2024 నుంచి మన దేశంలో, పెద్దవాళ్ళ తోడుతో పిల్లలు చూడొచ్చని చెప్పే యూఏ సర్టిఫికెట్టును 7, 13, 16 ఏళ్ళ మెట్లుగా విడగొట్టారు. అది చూసుకోండి కానీ, మీ ఇంటి పాప దేనికి ఏడుస్తుందో సెన్సారు బోర్డుకు తెలియదు.

తర్వాత ఒక పది నిమిషాలు శబ్దం ఆపేసి, జంతువును మాత్రమే గమనించండి. సంగీతం లేకపోతే నిజం బయటపడుతుంది. కుక్క చెవులు వెనక్కి అతుక్కుపోయి, తోక కాళ్ళ మధ్యకు ముడుచుకుని, కంటి తెల్లగుడ్డు కనిపిస్తోందంటే అది బెదిరిపోయింది. చింపాంజీ పళ్ళన్నీ బయటపెడితే మనకు నవ్వినట్టుంటుంది, చాలాసార్లు అది భయం. ఆ ముఖానికి నవ్వు శబ్దం అతికించిన సినిమాలను నేను పక్కన పెట్టేస్తాను. మన దగ్గర 1998లో కేంద్ర ప్రభుత్వం కోతి, ఎలుగుబంటి, పులి, చిరుతపులి, సింహాలకు శిక్షణ ఇచ్చి ఆడించడాన్ని నిషేధించింది. మా చిన్నప్పుడు కోతులాటవాడి వెనక వీధులన్నీ తిరిగినదాన్ని, ఆ కోతి ముఖం ఇప్పుడు గుర్తొస్తుంది.

నవ్వు ఎవరి మీద పడుతోందో కూడా చూసుకోవాలి. 1992 నాటి ‘బీథోవెన్’లో సెయింట్ బెర్నార్డ్ కుక్క చేసేది కుక్క పనే. తడిస్తే విదిలించుకుంటుంది, ఆకలేస్తే తింటుంది. కూలిపోయేది నాన్నగారి దర్జా. అదీ అల్లరంటే. తెలుగులో వేయాలంటే, పిల్లలు ముఖ్యపాత్రలు కాకపోయినా, 1993 నాటి ‘రాజేంద్రుడు గజేంద్రుడు’కు తిరుగులేదు. అందులో కథానాయకుడికి లాటరీలో ఏనుగు తగులుతుంది. సినిమా అయ్యాక మన పార్కింగులో ఏనుగు ఎక్కడ పడుతుందని అరగంట కొలతలు వేశాం. రెండు కార్లు, సెక్రటరీగారి స్కూటరు తీసేస్తే సరిపోతుందని తేలింది.

ఇక ఏర్పాట్లు. మే నెలలో ఏడుంపావు దాకా చీకటి చాలదు. గచ్చు మీద ఐదింటికి నీళ్ళు పోస్తే ఆవిరే వస్తుంది, ఆరింటికి మళ్ళీ పోయాలి. తెల్ల దుప్పటి కింది అంచును మడిచి కుట్టి వెదురు కర్ర దూర్చండి, లేదంటే గాలికి కుక్క మూతి సాగి ఏనుగు తొండం అవుతుంది. స్పీకరును ప్రొజెక్టరు పక్కన కాకుండా తెర వెనక పెట్టండి. తెలుగు డబ్బింగు దొరక్కపోతే శబ్దం తగ్గించి కుక్క తరఫున నేనే మాట్లాడతాను. నిజం చెప్పాలంటే పిల్లలకు అదే ఎక్కువ ఇష్టం. తినడానికి మరమరాల మిక్చరు చాలు.

అసలు పని సినిమా అయ్యాక మొదలవుతుంది. ఇంటికెళ్ళి ప్రతివాడూ అదే జంతువు కావాలంటాడు. 2003లో హచ్ అనే మొబైల్ ఫోన్ కంపెనీ ప్రకటనలో పిల్లాడి వెంట పగ్ కుక్క నడిచిందో లేదో, దేశమంతా పగ్‌ల కోసం ఎగబడింది. ముక్కు అణిగిన ఆ కుక్కకు ఎండలో ఊపిరాడడమే కష్టం. సెయింట్ బెర్నార్డ్ మంచుకొండల కుక్క, హైదరాబాదు మే నెలలో దానికి ఆ బొచ్చు కోటు ఎందుకని అడగండి, పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది. రామచిలుక కావాలంటే, దాన్ని పంజరంలో పెంచడం నేరమనే 1972 వన్యప్రాణి చట్టం మాట చెప్పి, కిటికీలో జామకాయ ముక్క పెట్టమనండి.

ఈ కబుర్లు ఒకసారి చెప్పకుండా పంపేశాను. మర్నాడు మూడో అంతస్తు కుర్రాడు వీధి కుక్క మెడకు తువ్వాలు కట్టి లిఫ్టు ఎక్కించాడు. వాడు ఎక్కేలోపే తలుపు మూసుకుపోయింది. కుక్క ఒక్కటే నాలుగో అంతస్తులో దిగింది. అక్కడ సెక్రటరీగారింట్లో సత్యనారాయణ వ్రతం, గుమ్మం ముందు వరసగా చెప్పులు. ఎవరినీ కరవలేదు, అదే పదివేలు. కరిచినా గీరినా పదిహేను నిమిషాలు సబ్బు పెట్టి పారే నీళ్ళతో కడిగి, వెంటనే టీకాకు వెళ్ళాలని ఆ సాయంత్రం పిల్లలందరి చేతా మూడుసార్లు చెప్పించాను. ఇప్పుడు సినిమా కంటే ముందే చెప్పిస్తున్నాను.

కుక్క ఎత్తుకెళ్ళిన చెప్పు సెక్రటరీగారి అత్తగారిది. అది ఇప్పటికీ దొరకలేదు. ఆవిడ మెట్ల మీద ఎదురైతే ముఖం తిప్పుకుంటారు కానీ, శనివారం ఏడు కొట్టేసరికి మనవడికి చాప ఇచ్చి పైకి పంపిస్తారు.