కొత్త సిస్టం కొంటున్నారా? పాత డిస్క్ మీద చెయ్యి వెయ్యకండి

పోయిన మంగళవారం నేను నా కంప్యూటర్ షాపు షట్టర్ ఎత్తకముందే పెళ్ళి ఫోటోలు తీసే తమ్ముడొకడు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో టవల్లో చుట్టిన 4 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్. కేబుల్ తగిలించగానే టక్, టక్, టక్ అని కొట్టుకుని ఆగిపోయింది. వెంటనే పీకేశాను. ముందురోజు రాత్రి టేబుల్ పక్కన నడుస్తుంటే వైరు కాలికి తగిలి, డిస్క్ తిరుగుతూ ఉండగానే కింద పడిందట.

"పాత సిస్టం ఎక్కడుంది?" అనడిగాను.

"ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసినానన్నా. అంతా దీంట్లోకి కాపీ చేసే ఇచ్చినా."

ఇచ్చిన చోటికి ఫోన్ చేయించాను. అప్పటికే దాన్ని ఫార్మాట్ కొట్టి కొత్తగా విండోస్ ఎక్కించేశారు. లోపల ఉన్నది 2 టీబీ ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే పళ్ళెం లేకుండా చిప్పుల్లో దాచే డిస్క్. ఫార్మాట్ అయ్యాక దాంట్లోంచి తిరిగి రాదు. కెమెరా కార్డులు ఎప్పటికప్పుడు తర్వాతి పెళ్ళికి ఖాళీ చేసుకున్నవే. కార్తీకంలో తీసిన పదకొండు పెళ్ళిళ్ళు పోయాయి. నాలుగింటి ఫోటోలు ఆల్బం డిజైన్‌కే వెళ్ళలేదు. మర్నాడు సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో చెన్నైకి తీసుకెళ్ళాడు. లోపల డేటా ఉండే పళ్ళెం, ప్లాటర్ అంటారు, గీసుకుపోయింది, రాదన్నారు.

ఆ తమ్ముడు అజాగ్రత్త మనిషి కాదు. కాపీ తీశాడు. రాత్రంతా మేలుకుని మరీ తీశాడు. కాపీ తీశాక అసలును వదిలేశాడు, అక్కడ దెబ్బతిన్నాడు. ముందూ ఒక్కటే ఉంది, తర్వాతా ఒక్కటే ఉంది, డబ్బా మారిందంతే. పాతది తుడిచిన నిమిషం నుంచి మీ బ్యాకప్ ఇక బ్యాకప్ కాదు, అదే అసలు. ఈ ఒక్క తప్పుతో నష్టపోయిన వాళ్ళను ఈ తిరుపతిలోనే చాలామందిని చూశాను. స్టూడియో వాళ్ళు, ఆడిటర్ల దగ్గర పనిచేసేవాళ్ళు, థీసిస్ రాస్తున్న యూనివర్సిటీ పిల్లలు.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, ధనుర్మాసంలో ముహూర్తాలు ఉండవు. స్టూడియోలకూ, కార్డులు డిజైన్ చేసే డీటీపీ వాళ్ళకూ చేతికి కాస్త తీరిక దొరికేది ఈ నెలే, సిస్టం మార్చేదీ ఈ నెలే. దానికి తోడు 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు సిస్టంలో కావాలి, పాత ప్రాసెసర్లు చాలావాటిని తీసుకోదు. అందుకే నడుస్తున్న సిస్టంలు కూడా జనం మార్చేస్తున్నారు. ఆ తొందరలోనే పాతవి చెయ్యి దాటిపోతున్నాయి.

పాత డిస్క్ సంగతి

సిస్టం ఎక్స్ఛేంజ్‌కి ఇవ్వండి, తప్పులేదు. డిస్క్ మాత్రం ఊడదీసి ఇవ్వండి. దానికి ఐదొందలో వెయ్యో తగ్గిస్తామంటారు, తగ్గించుకోనివ్వండి. ఆ డిస్క్ మీద తేదీ రాసిన స్టిక్కర్ అంటించి బీరువాలో పెట్టండి. కనీసం ఒక నెల దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. డిస్క్ ఊడిరాని ల్యాప్‌టాప్ అయితే ల్యాప్‌టాప్‌నే దాచండి.

నెల ఎందుకంటే, మరిచిపోయింది ఏమిటో మొదటిరోజు తెలియదు. పని పడినప్పుడే తెలుస్తుంది. టాలీ డేటా డాక్యుమెంట్స్‌లో ఉండదు, చాలామందికి సీ డ్రైవ్‌లో పబ్లిక్ ఫోల్డర్ లోపల ఉంటుంది. జీఎస్టీ రిటర్న్ వేసే రోజు గానీ అది రాలేదని గుర్తుకు రాదు. ఫోటోలు దిద్దే లైట్‌రూమ్‌లో చేసిన కలర్ కరెక్షన్ ఫోటోలో ఉండదు, కేటలాగ్ అనే వేరే ఫైల్లో ఉంటుంది. ఫోటోలన్నీ వచ్చి కేటలాగ్ రాకపోతే మీరు రాత్రుళ్ళు కూర్చుని చేసిందంతా మళ్ళీ మొదటికొస్తుంది. అను ఫాంట్లలో కొట్టిన పెళ్ళి కార్డు ఆ ఫాంట్ లేని సిస్టంలో తెరవండి, లక్ష్మీదేవి బొమ్మ కింద పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. ఇవన్నీ పాత డిస్క్ బీరువాలో ఉంటే పది నిమిషాల పని.

ఫార్మాట్ అయినా రికవరీ చేయించుకోవచ్చులే అనే ధైర్యం హార్డ్ డిస్క్‌ల కాలం నాటిది. హార్డ్ డిస్క్‌లో క్విక్ ఫార్మాట్ చేస్తే ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక మాత్రమే చెరుగుతుంది, దాని మీద కొత్తది రాసేదాకా డేటా చాలావరకు లోపలే ఉంటుంది. ఎస్ఎస్‌డీ అలా కాదు. ఫార్మాట్ కొట్టగానే విండోస్ ట్రిమ్ అనే ఆదేశం పంపుతుంది, ఆ గదులు ఇక అక్కర్లేదని. డిస్క్ తనంతట తానే వాటిని ఖాళీ చేసుకుంటుంది. ఆ తర్వాత మేమూ ఏమీ చెయ్యలేము, చెన్నై వాళ్ళూ ఏమీ చెయ్యలేరు.

ఎంత స్టోరేజీ

ఇప్పుడు ఎంత నిండిందో చూసి, దానికి రెండింతలకు తగ్గకుండా కొనండి. 1 టీబీ అన్నది విండోస్‌లో 931 జీబీగానే కనిపిస్తుంది, మోసమేమీ లేదు, లెక్కించే పద్ధతి వేరు. పనిచేసేది ఎస్ఎస్‌డీలో, దాచేది హార్డ్ డిస్క్‌లో. బ్యాకప్ డిస్క్‌లు రెండు మొదటి బిల్లులోనే ఉండాలి. గ్రాఫిక్స్ కార్డుకి డబ్బంతా పెట్టేసి డిస్క్‌లు సంక్రాంతి తర్వాత కొంటాననే వాళ్ళకు నేను సిస్టం అసెంబుల్ చెయ్యడం మానేశాను. ఆన్‌లైన్‌లో రెండు వేలకే 16 టీబీ అని చూపించేది కొనొద్దు. అది తన సైజు అబద్ధం చెప్పేలా చేసిన చిన్న చిప్పు. నిండాక కొత్తది రాస్తున్నట్టే నటిస్తుంది, ఫైలు పేరు ఉంటుంది, లోపల ఏమీ ఉండదు.

కాపీ చేసేటప్పుడు

కట్ పేస్ట్ వద్దు. ఎప్పుడూ వద్దు. మధ్యలో కరెంటు పోతే సగం అక్కడ, సగం ఇక్కడ.

ముందు పాత డిస్క్ ఆరోగ్యం చూడండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పసుపు రంగులో కాషన్ అని వస్తే, ముఖ్యమైనవి మొదట కాపీ చెయ్యండి, సినిమాలు చివర. ఎక్స్‌టర్నల్ డిస్క్ ఎఫ్ఏటీ32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన వీడియో ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్ గానీ ఎన్‌టీఎఫ్ఎస్ గానీ ఉండాలి. నీలం రంగు పోర్టులోనే పెట్టండి. పాత యూఎస్‌బీ 2.0లో 1 టీబీకి ఎనిమిది గంటలు పడుతుంది, మనిషికి విసుగొచ్చి మధ్యలో ఆపేస్తాడు.

అయ్యాక రెండు ఫోల్డర్ల మీదా రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ఫైళ్ళ సంఖ్యా, సైజూ పోల్చండి. అంకెలు సరిపోతే సగం పని అయినట్టు. మిగతా సగం, ఫైళ్ళు తెరిచి చూడటం. ప్రతి ఫోల్డర్ నుంచి ఒకటి. వీడియో అయితే మొదలు కాదు, చివరికి జరిపి చూడండి. తెరవని బ్యాకప్‌ని నమ్మొద్దు.

ఇంత చేశాకా పాత డిస్క్ తుడవొద్దు.

పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫోటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఒకటుంది, 3-2-1 అని. మూడు కాపీలు, రెండు రకాల వస్తువుల్లో, ఒకటి వేరే ఊళ్ళోనో వేరే ఇంట్లోనో. ఆ చివరి ఒకటి మనవాళ్ళు ఎవరూ పట్టించుకోరు. 2021 నవంబర్ వానలకు తిరుపతిలో వీధులకు వీధులు మునిగినప్పుడు, నాకు తెలిసిన ఒకాయన సీపీయూ నేల మీద, బ్యాకప్ డిస్క్ దాని పక్కన కింది అరలో. రెండూ ఒకే నీళ్ళలో నానాయి. ఆ బురద డిస్క్‌ని నా చేతులతో విప్పాను. మీ రెండో డిస్క్ అత్తగారింట్లో పెట్టండి, చిత్తూరులో అన్నయ్య ఉంటే అక్కడ పెట్టండి.

ఇక మిగిలినవి వరసగా చెబుతాను, ఒక్కటీ వదలొద్దు.

విండోస్ డిస్క్‌కి వేసే తాళం పేరు బిట్‌లాకర్. దాని రికవరీ కీ, 48 అంకెలు, కాగితం మీద రాసుకోండి. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయితే చాలా సిస్టంలలో మీకు తెలియకుండానే డిస్క్‌కి తాళం పడుతుంది. మదర్‌బోర్డు పోయి ఆ డిస్క్ వేరే సిస్టంలో పెట్టిన రోజు ఆ కీ అడుగుతుంది. లేకపోతే మీ డేటా మీకే రాదు.

ఆ అకౌంట్ మీ పేరు మీద ఉండాలి. సిస్టం సెట్ చేసిన కుర్రాడి మెయిల్‌తో కాదు.

మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్‌లో ఇచ్చే వన్‌డ్రైవ్ బ్యాకప్ కాదు. ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా పోతుంది. ఉచితంగా ఇచ్చేదే 5 జీబీ.

ఒకే డేటాను రెండు డిస్క్‌ల్లో ఒకేసారి రాసే రెయిడ్ పెట్టినా బ్యాకప్ కాదు. పొరపాటున చెరిపితే రెండు డిస్క్‌ల్లోనూ ఒకేసారి చెరుగుతుంది.

బ్యాకప్ డిస్క్ సిస్టంకి ఎప్పుడూ తగిలించి ఉంచొద్దు. 2017 మేలో ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు అప్‌డేట్లు లేని సిస్టంలు ప్రపంచమంతా మూతపడ్డాయి, మన రాష్ట్ర పోలీసు కంప్యూటర్లకూ అంటుకుంది. అలాంటిది వస్తే తగిలించి ఉన్న డిస్క్‌కీ తాళం వేస్తుంది.

విండోస్‌లో కాపీ చేసే రోబోకాపీ ఆదేశంలో మిర్ అనే ఆప్షన్ అర్థం కాకుండా వాడొద్దు. మూలంలో లేనిది గమ్యంలో చెరిపేస్తుంది.

ఎడిటింగ్ డ్రైవ్‌కి పాత డ్రైవ్ అక్షరమే ఇవ్వండి. E: కాస్తా F: అయితే ప్రీమియర్ అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో క్లిప్పులన్నీ ఆఫ్‌లైన్ అంటుంది.

యూపీఎస్ లేకుండా కాపీ మొదలుపెట్టొద్దు.

తిరుగుతున్న డిస్క్‌ని కదపొద్దు. టేబుల్ అంచున పెట్టొద్దు. వైరు నడిచే దారిలో ఉండొద్దు.

వారంటీ ఉంది కదా అనుకోవద్దు. వారంటీ కొత్త డిస్క్ ఇస్తుంది, ఫోటోలు ఇవ్వదు.

రెండో డిస్క్‌లోకి కాపీ అయ్యి, తెరిచి చూసి, నెల నిండితే గానీ పాతది తుడవొద్దు. షాపువాడు అడిగినా వద్దు, నేను అడిగినా వద్దు.

టక్ టక్ అని శబ్దం వస్తే ఆ క్షణమే వైరు పీకండి. మళ్ళీ పెట్టి చూడొద్దు, ఏదో రికవరీ సాఫ్ట్‌వేర్ ఎక్కించి రాత్రంతా స్కాన్ పెట్టొద్దు. ప్రతి టక్కుకీ లోపల ఇంకొంచెం గీసుకుపోతుంది. దాన్ని అలాగే పక్కన పెట్టి, బీరువాలోంచి పాత డిస్క్ తీసి, ఆ రాత్రే ఇంకో కాపీ కొట్టుకోండి.