ఘాట్ ఎక్కేటప్పుడు పికప్ లాగడం లేదా? లక్షణాన్ని బట్టి కారణం, మరమ్మతు

బంగారుపాళెం నుంచి పలమనేరు వైపు మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు గానీ, తిరుపతి నుంచి మదనపల్లె దారిలో భాకరాపేట ఘాట్ ఎక్కేటప్పుడు గానీ, అంతవరకూ బాగా నడిచిన డీజిల్ పికప్ ఉన్నట్టుండి మూడో గేరులో లాగలేక రెండుకు, ఒకటికి దిగిపోతుంటే, షెడ్డుకు వెళ్లి 'బండి లాగడం లేదు' అని చెప్పినంత మాత్రాన సరిపోదు. ఆ ఒక్క మాట మీద ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు విప్పినా, గాలిని నెట్టే టర్బో మార్చినా ఖర్చు వేలల్లో ఉంటుంది, జబ్బు మాత్రం మరోచోట ఉండవచ్చు. శక్తి తగ్గిన ఆ నిమిషంలోనే పొగ రంగు, ఇంజన్ తిరిగే వేగాన్ని చూపే ఆర్‌పీఎం ముల్లు కదలిక, మీటరు బోర్డు మీద వెలిగిన లైట్లు గమనించాలి. డ్రైవరు దృష్టి రోడ్డు మీదే ఉండాలి కనుక ఈ పని పక్క సీట్లో ఉన్నవారికి అప్పగించడం మేలు.

అంతకు ముందు బరువు లెక్క చూసుకోవాలి. టమాటా ట్రేకు 25 కిలోల చొప్పున 60 ట్రేలంటేనే 1,500 కిలోలు. ఆర్‌సీలో రాసిన పరిమితిని దాటి సరుకు ఎక్కించిన బండికి ఏ మరమ్మతూ పనిచేయదు.

నల్లపొగ వస్తూ బలం తగ్గితే

ఇంజన్‌కు డీజిల్ అందుతోంది గానీ దానికి తగ్గ గాలి అందడం లేదని దీని అర్థం. ముందుగా ఎయిర్ ఫిల్టర్ తీసి చూడాలి. మామిడి తోటల మట్టి దారుల్లో తిరిగే బళ్లకు, సర్వీసు పుస్తకంలో రాసిన కిలోమీటర్లు నిండకముందే అది మూసుకుపోతుంది. కంప్రెసర్ గాలిని బయటి నుంచి కొడితే దుమ్ము కాగితంలోకి మరింత దిగబడుతుంది కాబట్టి తక్కువ ఒత్తిడితో లోపలి నుంచి బయటికే కొట్టాలి. కాగితం నల్లబడి ఉంటే మార్చేయడమే నయం.

ఫిల్టర్ బాగుంటే, టర్బో నుంచి, గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి ఇంజన్‌కు వెళ్లే రబ్బరు హోసులను చూడాలి. చాలామంది పైపైన చూసి వదిలేసేది ఇక్కడే. ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు ఆ హోసులో ఒత్తిడి దాదాపు ఉండదు కాబట్టి చీలిక మూసుకునే ఉంటుంది. బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు, టర్బో గాలిని గట్టిగా నెట్టినప్పుడే అది నోరు తెరుస్తుంది. అందువల్ల షెడ్డులో నిలబెట్టి రేజ్ చేసి చూసినా లోపం బయటపడకపోవచ్చు. ఇంజన్ చల్లారాక హోసును చేత్తో వంచి, మెలితిప్పి, ముఖ్యంగా కంటికి కనిపించని కింది వైపున, ఇనుప బ్రాకెట్‌కు రాసుకునే చోట తడిమి చూడాలి. చుట్టూ పొడి దుమ్మే ఉండి, ఒక్కచోట మాత్రం ఆయిల్ జిడ్డుతో తడిసిన దుమ్ము గీతలా అంటుకుని ఉంటే చీలిక అక్కడే ఉంటుంది. అద్దాలు దించి ఘాట్ ఎక్కేటప్పుడు ఉస్సుమనే శబ్దం రావడం దీనికి మరో ఆనవాలు. టేపు చుడితే ఊరు చేరవచ్చునేమో గానీ అది మరమ్మతు కాదు. హోసు, క్లిప్పు రెండూ కొత్తవి వేయాలి. హోసులు గట్టిగానే ఉంటే, పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు మసి పట్టి తెరుచుకుని ఉండిపోయిందేమో చూసి, దాన్ని విప్పి శుభ్రం చేయించాలి.

2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 కాలుష్య నిబంధనల ప్రకారం డీపీఎఫ్‌తో (సైలెన్సర్ దారిలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌తో) వచ్చిన బళ్లలో ఇదే లోపం ఉన్నా నల్లపొగ కనిపించకపోవచ్చు, ఎందుకంటే మసిని ఆ ఫిల్టరే పట్టేస్తుంది. అది తరచుగా నిండి లైటు వెలుగుతుంటే, దాన్ని ఒక్కదాన్నే శుభ్రం చేయించి ఊరుకోకుండా మసి ఎందుకు పెరిగిందో వెతకాలి. రోజంతా తిరుపతి వీధుల్లోనే ఆగుతూ సాగే బండికి, మసి కాలిపోయేంత వేడి అందక కూడా ఈ ఇబ్బంది వస్తుంది.

పొగ లేకుండా జర్కులిస్తూ పడిపోతే

ఇది డీజిల్ చాలకపోవడం. డీజిల్ ఫిల్టర్ అడుగున ఉన్న స్క్రూ వదులు చేసి, కొంత డీజిల్‌ను గాజు సీసాలోకి పట్టి కాసేపు కదపకుండా ఉంచితే, నీళ్లున్నపక్షంలో అడుగున వేరే పొరగా తేరుకుంటాయి. అప్పుడు ఫిల్టర్ మార్చడంతో పాటు ట్యాంకును కూడా కడిగించాలి. లాగడం తగ్గిన వెంటనే బండిని సురక్షితమైన చోట ఆపి ట్యాంకు మూత తిప్పినప్పుడు గాలి బలంగా లోపలికి పీల్చుకుంటే, మూతలోని గాలి రంధ్రం పూడిపోయినట్టే. ఇవేవీ కాకపోతే ట్యాంకు నుంచి ఫిల్టర్ దాకా వచ్చే పైపులో గాలి పడుతున్నదేమో చూడాలి. ఇంజన్ నడుస్తుండగా, ఇంజెక్టర్లకు ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందించే కామన్ రైల్ పైపు నట్లు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వదులు చేయకూడదు. అక్కడి ఒత్తిడి 1,000 బార్లు దాటుతుంది, చిమ్మిన డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి దిగుతుంది.

ఆర్‌పీఎం చెప్పే సంగతులు

ముల్లు పైకి ఎగబాకుతున్నా వేగం పెరగకపోతే ఇంజన్‌లో తప్పు లేదు, క్లచ్ ప్లేటు జారుతోంది. ఘాట్‌లో హాఫ్ క్లచ్ మీద బండిని నిలబెట్టే అలవాటు ఉన్నచోట ఇది త్వరగా వస్తుంది. ముల్లు ఒక అంకె దగ్గర ఆగిపోయి, ఇంజన్ లైటు వెలిగి, తాళం తీసి మళ్లీ వేయగానే కొంతసేపు బాగా లాగితే, ఇంజన్‌ను కాపాడుకోవడానికి బండిలోని కంప్యూటరే శక్తిని తగ్గించిందని గ్రహించి, అందులో నమోదైన లోపాల కోడ్‌ను చదివే స్కానర్ పెట్టించాలి. కోడ్ చదివి ఊరుకోకుండా, సరుకుతో ఎత్తు ఎక్కుతున్నప్పుడు టర్బో ఒత్తిడి, రైల్ ఒత్తిడి ఉండవలసినంత ఉన్నాయో లేదో చూడమని అడగాలి. మొదటిది తగ్గితే గాలి వైపు, రెండోది తగ్గితే డీజిల్ వైపు వెతకాలి. టెంపరేచర్ ముల్లు ఎర్ర గీతకు చేరుతుంటే రేడియేటరు, ఫ్యాను సంగతి ముందు చూడాలి.

ఇంజన్ నిక్షేపంగా ఉన్నా బండి బరువుగానే కదులుతుంటే, చదునైన చోట మిగతా చక్రాలకు అడ్డు పెట్టి, ఒక్కొక్క చక్రాన్నీ జాకీతో లేపి, న్యూట్రల్‌లో చేత్తో తిప్పి చూడాలి. ఒకటి బిగుసుకుని తిరిగితే అక్కడ బ్రేకు పట్టేసుకుని ఉందని, లేదా హ్యాండ్‌బ్రేకు కేబుల్ పూర్తిగా వదలడం లేదని తెలుస్తుంది. ఏ మరమ్మతు చేయించినా, డబ్బు లెక్క తేల్చుకునే ముందు అదే ఘాట్‌ను అంతే బరువుతో, అదే గేరులో ఒకసారి ఎక్కించి చూసుకోవాలి.