కచేరీలు కుదిర్చిన మనిషి పనిని భద్రపరచడం ఎలా?

సంగీత చరిత్రలో బ్యాండ్ల పేర్లుంటాయి. ఆ రాత్రికి ఆ బ్యాండ్‌ను పిలిచి, బేరం కుదిర్చి, వేదిక ఎక్కించిన బుకర్ పేరు చాలాసార్లు ఉండదు. న్యూయార్క్‌లో హుర్రా, ఆ తర్వాత డాన్సెటీరియా క్లబ్బులకు బ్యాండ్లను బుక్ చేసిన రూత్ పోల్‌స్కీ అలాంటి మనిషి. బ్రిటిష్ పోస్ట్-పంక్ (పంక్ రాక్ వెనువెంట వచ్చిన సంగీతం) బ్యాండ్లను అమెరికాకు తెచ్చినవారిలో ఆమె ముఖ్యురాలు. వాటిలో ఒకటైన ద స్మిత్స్ అమెరికాలో మొదటిసారి వాయించింది 1983 డిసెంబర్ 31న, డాన్సెటీరియాలోనే. 1986 సెప్టెంబర్ 7న లైమ్‌లైట్ క్లబ్ బయట టాక్సీ ఢీకొని ఆమె చనిపోయారు. ఇలాంటివారి పనిని పోగుచేయాలంటే క్రమం ఇది.

1. ముందు తేదీల పట్టిక

ఇంటర్వ్యూలతో మొదలుపెట్టకండి. స్ప్రెడ్‌షీట్‌లో రాత్రికో వరుస పెట్టండి: తేదీ, క్లబ్బు, చిరునామా, బ్యాండ్లు, బుక్ చేసినవారు, ఒప్పుకున్న సొమ్ము, ఆధారం. ఆధారం లేని వరుసకు ‘నిర్ధారణ కాలేదు’ అని రాయండి.

రద్దయిన కచేరీలూ ఇందులో ఉండాలి. పోల్‌స్కీ ఏర్పాటు చేసిన, బ్రిటిష్ బ్యాండ్ జాయ్ డివిజన్ అమెరికా పర్యటన 1980 మేలో మొదలుకావాలి. బయల్దేరే ముందురోజు, మే 18న, గాయకుడు ఇయన్ కర్టిస్ చనిపోయాడు. జరిగిన కచేరీలే రాసుకుంటే ఆమె ఆ పర్యటన కోసం పడిన శ్రమకు ఎక్కడా జాడ ఉండదు.

2. కరపత్రాలకు సంవత్సరం కనిపెట్టడం

కచేరీ కరపత్రాల మీద వారం, తేదీ ఉంటాయి; సంవత్సరం తరచుగా ఉండదు. పాత క్యాలెండర్‌తో సరిచూడండి. ‘శుక్రవారం, జులై 4’ అని ఉంటే 1980కీ సరిపోతుంది, 1986కీ సరిపోతుంది. అప్పుడు చిరునామా చూడాలి: డాన్సెటీరియా 1980లో 37వ వీధిలో ఉండేది, 1982 నుంచి 21వ వీధిలో నడిచింది. ‘విలేజ్ వాయిస్’ వారపత్రిక పాత సంచికల్లో క్లబ్బుల ప్రకటనలు దొరుకుతాయి. అయితే ప్రకటన వేసినంత మాత్రాన కచేరీ జరిగినట్టు కాదు. సమీక్షో, ఆ రాత్రి లెక్కల కాగితమో తోడైతేనే ఖాయం చేసుకోండి.

3. కాగితాలు

ఒప్పందాలు, ఉత్తరాలు, డైరీలు దొరికిన వరుసలోనే ఫొటో తీసి, ఆ తర్వాతే కదిలించండి. ఏ ఉత్తరం ఏ కట్టలో ఉందన్నది కూడా సమాచారమే. తుప్పుపట్టిన పిన్నులు నెమ్మదిగా తీయండి. 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు), రంగుల్లోనే స్కాన్ చేసి టిఫ్ ఫైలుగా దాచండి. నలుపు తెలుపుల్లో తీస్తే పెన్సిల్ రాతలు పోతాయి, బుకర్ లెక్కలు ఎక్కువగా ఉండేది ఆ రాతల్లోనే. ఫ్యాక్స్ కాగితం త్వరగా వెలిసిపోతుంది కనుక దాన్ని ముందు స్కాన్ చేయాలి. ఆమ్లం లేని ఫోల్డర్లు వాడండి. లామినేషన్ మాత్రం అస్సలు వద్దు, ఒకసారి చేస్తే అసలు కాగితాన్ని పాడవకుండా విడదీయలేం.

4. టేపులు

క్యాసెట్ వెనక ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలు ముందే విరిచేస్తే పొరపాటున దాని మీద రికార్డు కాదు. ప్లేయర్‌లో టేపును చదివే భాగమైన హెడ్‌ను శుభ్రం చేసి, టేపుకు తగ్గట్టు హెడ్ కోణం సరిచేయండి. కోణం తేడా ఉంటే ధ్వని స్పష్టత లేకుండా మూసుకుపోయినట్టు వస్తుంది. 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలుగా తీసుకోండి. టేపు జిగటగా ఉంటే, కీచుమంటుంటే వెంటనే ఆపి నిపుణులకు ఇవ్వండి. బలవంతంగా ఆడిస్తే పూత ఊడి హెడ్‌కు అంటుకుంటుంది.

5. ఇంటర్వ్యూలు

‘ఆమె ఎలాంటివారు?’ అని అడిగితే పొగడ్తలే వస్తాయి. కరపత్రం ముందు పెట్టి అడగండి: మిమ్మల్ని పిలిచింది ఎవరు, ఖాయంగా ఇస్తామన్నది ఎంత, టికెట్ వసూళ్లలో వాటా ఉందా, బస ఎక్కడ? నలభై ఏళ్ల తర్వాత రెండు రాత్రులు ఒకటిగా కలిసిపోవడం మామూలే. ఇద్దరి మాటలు వేరుగా ఉంటే రెండూ రాసి ఉంచండి. అనుమతి పత్రం మీద సంతకం అదే రోజు తీసుకోవాలి.

6. చేర్చాల్సిన చోటు

స్కాన్, ధ్వని ఫైళ్లకు మూడు ప్రతులు ఉండాలి, అందులో ఒకటి వేరే ఊళ్లో. అసలు కాగితాలను గ్రంథాలయానికి అప్పగించండి. ఆ కాలపు న్యూయార్క్ కళల సామగ్రిని న్యూయార్క్ విశ్వవిద్యాలయంలోని ఫేల్స్ లైబ్రరీ డౌన్‌టౌన్ సేకరణగా భద్రపరుస్తోంది. ఫొటో మీ చేతికొచ్చినా హక్కు సాధారణంగా తీసినవారిదే. ప్రచురించే ముందు వారి రాతపూర్వక అనుమతి తీసుకుని, దాన్నీ అదే ఫోల్డర్‌లో పెట్టండి.