డిటెక్టర్ తుక్కును అమ్మడం – నాలుగో పాఠం: ఒక డబ్బాలో ఒకే లోహం

మెటల్ డిటెక్టరుతో నేలలో వెతికి తవ్వి తెచ్చిన వాటిలోంచి నాణేలను, నగలను, వయసు తేలని పాత వస్తువులను వేరు చేసి, వాటిని తుక్కు లెక్కలోకి రానీయవద్దని కిందటి పాఠం చివర ఒక పని చెప్పాను. అది పూర్తి చేసినవారి ముందు ఇప్పుడు మట్టి పట్టిన మేకులు, కొళాయి ముక్కలు, తీగలు, సీసపు గుళ్లు, డబ్బా మూతల కొక్కేలు కలగలిసిన కుప్ప ఒకటి మిగిలి ఉంటుంది. ఈ కుప్పను లోహాల వారీగా విడదీయడమే నేటి పాఠం.

ఈ పని డిటెక్టరే చేసి పెట్టిందని కొందరు అనుకుంటారు. తెర మీద కనిపించే అంకె లోహం పేరు కాదు. ఆ వస్తువు విద్యుత్తును ఎంత బాగా ప్రసరింపజేస్తుంది, ఎంత పెద్దది, ఏ ఆకారంలో ఉంది అన్నవన్నీ కలిసి ఇచ్చే సూచన మాత్రమే. అందుకే అల్యూమినియం కొక్కెం, బంగారు ఉంగరం ఒకే అంకెను చూపించగలవు. మట్టిలోంచి పైకి వచ్చాక డిటెక్టరు మాట అక్కడితో ముగిసిపోయింది. ఇక మీ చేయి, కన్ను, కాటా చెప్పాలి.

విడదీయడానికి ఇంత శ్రమ ఎందుకంటే, తుక్కు కొనేవారు కలగాపులగంగా ఉన్న డబ్బాకు అందులోని అత్యంత చవకైన లోహం ధరే కడతారు. వారి వైపు నుంచి చూస్తే అది అన్యాయమూ కాదు, ఎందుకంటే ఆ విడదీసే కూలీ వారి మీద పడుతుంది. నేను మొదటిసారి అమ్మబోయినప్పుడు ఇత్తడి కొళాయిలను ఇనుప మరలతో సహా పట్టుకెళ్లాను. కొనే మనిషి అయస్కాంతాన్ని డబ్బా మీదుగా ఒక్కసారి తిప్పాడు, నాలుగు ముక్కలు దానికి అంటుకుని లేచాయి, మొత్తం డబ్బా ‘ఇనుము కలిసిన ఇత్తడి’ అయిపోయింది. ఆ మరలను ఊడదీయడానికి ఇంటి దగ్గర పావుగంట పట్టేది.

కాబట్టి మొదటి పరీక్ష అయస్కాంతం. దానిని చేత్తో పట్టుకొని ఆనించడం కంటే దారానికి వేలాడదీసి ముక్క దగ్గరికి మెల్లగా తీసుకురావడం మేలు, ఎందుకంటే లోపల ఒక చిన్న ఇనుప పిన్ను ఉన్నా దారం ఒక పక్కకు ఒరుగుతుంది. గట్టిగా అంటుకున్నది ఇనుప డబ్బాలోకి వెళుతుంది. కొంచెంగా లాగినదాన్ని తిప్పి చూసి, లోపలి మరనో స్ప్రింగునో తీసేయాలి. రాగిరంగులో ఉండి కూడా అంటుకున్నదంటే అది రాగి పూత వేసిన ఇనుమే. అంటుకోనిదల్లా విలువైనదని మాత్రం పొంగిపోవద్దు: చెంచాలకు వాడే స్టెయిన్‌లెస్ స్టీలులో చాలా రకాలు అయస్కాంతానికి అంటవు.

రెండో పరీక్ష ఆకురాయి. చిలుము పట్టిన ముక్కలన్నీ పైకి ఒకే రంగులో కనిపిస్తాయి కనుక, కనబడని మూలలో రెండు మూడు సార్లు రుద్ది లోపలి రంగు చూడాలి. ఎర్రగా ఉంటే రాగి, పసుపుగా ఉంటే ఇత్తడి, రెంటికీ నడుమ గోధుమ ఛాయ ఉంటే కంచు కావచ్చు. తెల్లగా ఉండి ఆకురాయికి సులువుగా లొంగి, చేతిలో తేలిగ్గా ఉంటే అల్యూమినియం. తెల్లగానే ఉండి ఆకురాయి జారిపోతుంటే స్టెయిన్‌లెస్. పైన పసుపు, గీకిన చోట బూడిద తెలుపు కనిపిస్తే అది పూత వేసిన తుత్తునాగపు (జింకు) పోత. కొళాయి పిడులు, తలుపు గడియల ముక్కలు ఎక్కువగా మోసం చేసేది ఇక్కడే.

సీసానికి ఆకురాయి పెట్టవద్దు. దాని పొడి విషం, పైగా అవసరమూ లేదు: గోటితో గీరితే గీత పడుతుంది, కాగితం మీద రాస్తే పెన్సిలులా బూడిదరంగు చార వస్తుంది. నేలలో ఏళ్ల తరబడి ఉన్న సీసం మీద తెల్లటి పొర కూడా ఉంటుంది. దానిని చేతి తొడుగులతో ముట్టుకొని, విడిగా మూత ఉన్న డబ్బాలో వేసి, ఏదైనా తినే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

ఈ రెండు పరీక్షలకూ లొంగని ముక్కకు నీటి తూకం ఉంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. ముందుగా ముక్కను గ్రాముల్లో తూచి రాసుకోండి. తరువాత నీళ్లున్న గ్లాసును కాటా మీద పెట్టి అంకెను సున్నా చేసి, ముక్కను దారంతో కట్టి, అడుగుకు గాని అంచుకు గాని తగలకుండా పూర్తిగా ముంచి పట్టుకోండి. ఇప్పుడు కాటా చూపేది ముక్క తొలగించిన నీటి బరువు. మొదటి అంకెను దీనితో భాగిస్తే సాంద్రత వస్తుంది. నా దగ్గరి ఒక పాత గొట్టపు ముక్క బయట 174 గ్రాములు తూగింది, నీటిలో కాటా 20 చూపింది, భాగిస్తే 8.7; అది ఇత్తడి. అల్యూమినియం 2.7, తుత్తునాగపు పోతలు సుమారు 6.6 నుంచి 6.7, ఇనుము 7.9, ఇత్తడి 8.4 నుంచి 8.7, రాగి 8.96, సీసం 11.3 అని ఒక కాగితం మీద రాసి కాటా పక్కనే అంటించుకోండి. ముక్కకు మట్టి గాని గాలి బుడగలు గాని పట్టి ఉంటే లెక్క తప్పుతుంది. గ్రాము కంటే చిన్న తేడాను చూపలేని కాటా మీద 10 గ్రాముల ముక్కను తూచడం వృథా. ఒకేలా కనిపించే పది ముక్కలను కలిపి కట్టి ముంచితే ఫలితాన్ని నమ్మవచ్చు.

డబ్బాలు వేరైన తరువాత మట్టి సంగతి. మట్టితో తీసుకువెళితే కొనేవారు తరుగు తీస్తారు, వారి తరుగు మీ మట్టికంటే ఎప్పుడూ కాస్త ఎక్కువే ఉంటుంది. నీటిలో నానబెట్టి, బ్రష్షుతో రుద్ది, ఆరబెడితే చాలు. చిలుము వదిలించి మెరుగు పెట్టడం అనవసరం. రాగి తీగ విషయంలో మాత్రం తొడుగు లేని, టంకం అంటని శుభ్రమైన తీగకు మేలు రకం ధర వస్తుంది కనుక తొడుగును కత్తితో ఒలవండి, లేదా ఉన్నది ఉన్నట్టే తొడుగు తీగగా అమ్మండి. కాల్చవద్దు. పీవీసీ తొడుగు పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ అనే విషవాయువు ఉంటుంది. పైగా నల్లబడి పెళుసెక్కిన రాగి రకం తగ్గి పోతుంది. ముక్కలను కరిగించి దిమ్మలు పోయాలన్న సరదా కూడా మానుకోవాలి: ఆకారం పోయిన లోహంలో ఏముందో కొనేవారికి తెలియదు, తెలియనిదానికి వారు తక్కువే ఇస్తారు.

వచ్చే పాఠం కాటా దగ్గర బేరం గురించి. అప్పటికి ఈ లెక్క చేసి ఉంచండి: పసుపుపచ్చగా మెరిసే కొళాయి పిడి ఒకటి అయస్కాంతానికి అంటలేదు, బయట 201 గ్రాములు తూగింది, నీటిలో ముంచితే కాటా 30 చూపింది. దానిని ఏ డబ్బాలో వేస్తారు?