బెంగుళూరు హోటళ్లలో పసిపిల్లలతో భోజనం: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

సెలవుల్లో మా ఇంటికి వచ్చే బంధువులకు బెంగుళూరు చూపించే పని చాలా ఏళ్లుగా నాదే. ఏడాది దాటి మూడున్నరేళ్లు నిండని పిల్లలున్న కుటుంబాలు ఎంత తిరిగినా అలసిపోవు కానీ, హోటలు బల్ల దగ్గరికి వచ్చేసరికి నీరసించిపోతాయి. పిల్లవాడు పేచీకోరు కాబట్టే ఇలా అవుతోందని తల్లిదండ్రులు నొచ్చుకుంటారు. నేను చూసినంతలో కారణం పిల్లవాడి స్వభావం కాదు, మనం వెళ్లిన వేళ, ఆర్డరు ఇచ్చిన వరుస.

సమస్య: టిఫిను రాకముందే ఏడుపు మొదలవుతుంది

కారణం ఆకలి, దానికి తోడు నిరీక్షణ. 1924లో మొదలై ఇప్పుడు లాల్‌బాగ్ రోడ్డులో ఉన్న ఎం.టి.ఆర్. (మావళ్లి టిఫిన్ రూమ్స్), గాంధీబజారులో 1943లో మొదలైన విద్యార్థి భవన్ వంటి పాత హోటళ్లకు ఆదివారం ఉదయం జనం బారులు తీరుతారు. చోటు దొరికిన తరువాత కూడా పెనం మీది దోస మన బల్ల మీదికి రావడానికి కొంత సమయం పడుతుంది. పెద్దల ఆకలి ఓర్చుకుంటుంది కానీ, పసిపిల్లల కడుపు చిన్నది కనుక రెండు మూడు గంటలకొకసారి అందులో ఏదో ఒకటి పడాలి.

ఒక ఆదివారం మా చెల్లెలి కూతురు, ఆమె రెండేళ్ల పాపతో పాటు మేము ఒక పేరున్న హోటలు ముందు ముప్పావు గంట నిలబడ్డాము. పాప మొదట నా కొంగు నమిలింది, తరువాత చెప్పు విసిరేసింది, దోస బల్ల మీదికి వచ్చేసరికి వెక్కుతూనే తల్లి భుజం మీద నిద్రపోయింది. "దీనితో ఎప్పుడూ ఇంతే పెద్దమ్మా" అని తల్లి కళ్లు తుడుచుకుంది. ఆరింటికి పాలు తాగిన బిడ్డ పదింటి దాకా ఎలా ఆగుతుందమ్మా అని మాత్రం అనగలిగాను.

అందుకే ఇప్పుడు బయలుదేరే ముందు సగం అరటిపండో, ఒక ఇడ్లీయో తినిపించమంటాను. ఏడున్నరకల్లా హోటలు చేరితే నిరీక్షణ బాగా తగ్గుతుంది. విద్యార్థి భవన్‌కు శుక్రవారం సెలవు కనుక ఆ రోజు అటు వెళ్లకూడదు. ఒకరు వరుసలో నిలబడితే మరొకరు పిల్లవాడిని అటూ ఇటూ తిప్పాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది, పెద్దల ఆర్డరు కంటే ముందు పిల్లవాడికి ఇడ్లీ చెప్పడం. ఇడ్లీలు వాయలు వాయలుగా దిగుతూనే ఉంటాయి కనుక వెంటనే వస్తాయి, దోస మాత్రం అడిగిన తరువాతే పోస్తారు.

సమస్య: నోట్లో పెట్టగానే ఉమ్మేస్తాడు

దారిలో ఆటోలో తిన్న బిస్కెట్లూ, తాగిన పండ్ల రసమూ మొదటి కారణం. ముద్ద వేడి తగ్గకపోవడం రెండవది. వీటికంటే తరచుగా కనిపించేది కంటికి ఆనని కారం. ఇక్కడి సాంబారులో బెల్లం వేస్తారు కాబట్టి పెద్దలకు తియ్యగానే తోస్తుంది కానీ, అందులోని మిరప ఘాటు పసినోటికి చురుక్కుమని తగులుతుంది. బిసి బేళె బాత్ చూడడానికి మెత్తని పప్పన్నంలాగే ఉన్నా మసాలా దట్టంగా ఉంటుంది. అరిటాకులో వడ్డించే ఆంధ్ర భోజన హోటళ్లలో పప్పులో కూడా మిరపకాయలు పడతాయి.

ఆర్డరు ఇచ్చేటప్పుడే కన్నడంలో "ఖార బేడ" అంటే కారం వద్దని, "ఒగ్గరణె బేడ" అంటే పోపు వద్దని అర్థమవుతుంది. పెరుగన్నాన్ని ఇక్కడ మొసరన్న అంటారు. పోపు పెట్టకముందు తీసి ఇమ్మని మర్యాదగా అడిగితే చాలాచోట్ల ఇస్తారు. వట్టి అన్నం, నెయ్యి, ఇంటి నుంచి చిన్న డబ్బాలో తెచ్చుకున్న కంది పొడి ఉంటే ఏ హోటల్లోనైనా పూట గడుస్తుంది. ఇంట్లో వాడే చెంచానే తీసుకువెళ్లాలి. తెలిసిన చెంచాతో పెడితే తెలియని రుచిని కూడా పిల్లలు కాస్త నమ్ముతారు.

సమస్య: తింటూ తింటూ పొలమారడం, గొంతులో అడ్డుపడడం

రవ్వ ఇడ్లీ మీది జీడిపప్పు, చిత్రాన్నంలోని వేరుశనగ పలుకులు, మొసరన్నంలోని గుండ్రటి ద్రాక్ష దీనికి కారణాలు. ప్లేటు రాగానే జీడిపప్పు, పలుకులు ఏరివేసి, ద్రాక్షను నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి. నడుస్తూనో, నవ్వుతూనో ఉన్న పిల్లవాడి నోట్లో ముద్ద పెట్టకూడదు. దగ్గు వస్తున్నంతసేపు దగ్గనివ్వాలి. దగ్గలేక, గొంతు పెగలక, ఊపిరాడకపోతే, ఏడాది దాటిన పిల్లలను ముందుకు వంచి రెండు భుజాల మధ్య వీపు మీద మణికట్టు దగ్గరి అరచేతి భాగంతో ఐదుసార్లు గట్టిగా చరచాలి. అయినా రాకపోతే వెనుక నుంచి పట్టుకుని బొడ్డు పైభాగాన ఐదుసార్లు లోపలికీ పైకీ నొక్కాలి. అడ్డు తొలగేదాకా రెండూ మార్చి మార్చి చేయాలి. ఈలోగా మరొకరు 108కి ఫోను చేయాలి. కనబడని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి వెతికితే అది ఇంకా లోపలికి పోతుంది.

సమస్య: కుర్చీలో నిలవడు, బల్లల మధ్య పరుగెత్తుతాడు

ట్రాఫిక్‌లో గంటన్నర కారులో కూర్చున్న పిల్లవాడు మళ్లీ కూర్చోలేడు. భోజనానికి ముందు అరగంట లాల్‌బాగ్‌లోనో కబ్బన్ పార్కులోనో స్వేచ్ఛగా పరుగెత్తనివ్వాలి. ఫోను చేతికిస్తే కదలకుండా ఉంటాడన్నది నిజమే, అయితే ఏమి తింటున్నాడో, ఎంత తిన్నాడో వాడికే తెలియదు. నేనైతే రెండు ఖాళీ గిన్నెలు, ఒక చెంచా ఇస్తాను.

సమస్య: వేడి వస్తువులు మీద పడడం

దర్శినులు నిలబడి తినే హోటళ్లు. ఒక చేతిలో పిల్లవాడు, మరో చేతిలో కాఫీ ఉన్న క్షణమే ప్రమాదకరం. పసిపిల్లలతో వెళ్లినప్పుడు కూర్చునే ఏర్పాటున్న హోటలునే ఎంచుకోవాలి. కాఫీ గ్లాసును బల్ల నడిమధ్యన పెట్టాలి. ఒంటి మీద పడితే తడిసిన బట్ట తీసివేసి, ఇరవై నిమిషాలు కుళాయి నీటి ధార కింద ఉంచాలి. ఐసు, పసుపు, పేస్టు పూయరాదు.

సమస్య: ఆ రాత్రే విరేచనాలు

నీళ్లో, ఎక్కువసేపు బయట ఉండిపోయిన కొబ్బరి చట్నీయో కారణం కావచ్చు. కాచి చల్లార్చిన నీళ్లు వెంట ఉంచుకుని, చట్నీ పెద్దలకే పరిమితం చేయాలి. లీటరు ఓఆర్‌ఎస్ ప్యాకెట్టును సరిగ్గా లీటరు నీటిలో కలిపి, ప్రతి విరేచనం తరువాత రెండేళ్లలోపు వారికి 50 నుంచి 100 మిల్లీలీటర్లు, ఆపైవారికి 100 నుంచి 200 మిల్లీలీటర్లు చెంచాతో నిదానంగా పట్టాలి. కలిపినది 24 గంటలు దాటితే పారబోయాలి. కళ్లు లోతుకు పోయినా, మూత్రం తగ్గినా, రక్తం కనిపించినా, బిడ్డ మగతగా ఉన్నా ఉదయం దాకా ఆగకుండా పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాలి.