ప్రకటన అచ్చుకి ఇచ్చే ముందు ఎలా దిద్దాలి

విజయనగరంలో బట్టల షాపుల కరపత్రాలు, కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు, జీడిపప్పు ప్యాకెట్ల మీది రాతలు, వాట్సాప్ ప్రకటనలు దిద్దడం నా పని. అంతకుముందు ఒక దినపత్రిక జిల్లా డెస్కులో సబ్ ఎడిటర్‌గా చేశాను. వార్తలో తప్పుంటే మర్నాడు సవరణ వేసుకోవచ్చు. కరపత్రం తెల్లవారుజామున పేపర్లలో పెట్టేసి ఇళ్లకి వెళ్లిపోయాక వెనక్కి రాదు. పదింటికల్లా ఎవరో ఒకరు దాన్ని మడిచి పట్టుకొచ్చి, కౌంటర్ మీద పరిచి, "సగం ధరని రాశారు కదండీ, ఏదీ చూపించండి" అంటారు. అక్కడున్న సేల్స్ అమ్మాయికి జవాబు దొరికితే మీరు బాగా దిద్దినట్టు. దొరక్కపోతే, అచ్చుతప్పు ఒక్కటీ లేకపోయినా దిద్దనట్టే.

కాబట్టి కాపీ, అంటే షాపు రాసిచ్చిన ప్రకటన పాఠం, చేతికి రాగానే ఒత్తులూ దీర్ఘాలూ పట్టుకోకండి. ఎలాగూ కొట్టేయబోయే వాక్యానికి ఒత్తు దిద్దడం దండగ. మొదటిసారి చదివేటప్పుడు, షాపు మాట ఇస్తున్న చోట్ల మాత్రం గీత గీయండి. తగ్గింపు, ఉచితం, గ్యారంటీ, నంబర్ వన్, తేదీ, దూరం, ఇలాంటివి. ఒక్కోదాని పక్కన ఒక ప్రశ్న రాసుకుని యజమానిని అడగండి. ఫోన్లో కాకుండా వాట్సాప్‌లో అడిగితే జవాబు రాతలో ఉంటుంది. రేపు "నేనలా అన్లేదే" అనే మాట రాదు.

గంటస్తంభం చుట్టుపక్కల షాపుల నుంచి పండగ ముందు వచ్చే కాపీ దాదాపు ఇలాగే ఉంటుంది:

"పట్టణ ప్రజల ఆదరాభిమానాలతో దినదినాభివృద్ధి చెందుతున్న మా షోరూం నందు పండుగ సందర్భంగా అన్ని రకముల చీరలపై కనీవినీ ఎరుగని రీతిలో 50% వరకు భారీ డిస్కౌంట్ ఇవ్వబడును. త్వరపడండి! షరతులు వర్తిస్తాయి."

ఇంతలో కొనేవాళ్లకి పనికొచ్చే ముక్క ఒక్కటే, ఆ 50 శాతం. దానికీ 'వరకు' తగిలించారు. ఏ చీరకి యాభై? ఎప్పటిదాకా? షరతులేంటి? అడిగితే యజమాని చెప్పారు: "కొన్ని పట్టుచీరలకే యాభై మాస్టారూ, మిగతావాటికి పదే. కానీ యాభై అని పెద్దగా ఉంటేనే కదా జనం లోపలికొచ్చేది." ఆయన అన్నదీ నిజమే. యాభైని దాచక్కర్లేదు, అది దేనికో చెబితే చాలు. ఆ చీరలకి ఎర్ర ట్యాగులు కట్టించమన్నాను. కాపీ ఇలా తయారైంది (సిరిమానోత్సవం అంటే మా ఊరి పైడితల్లమ్మ జాతర):

"ఎర్ర ట్యాగ్ ఉన్న పట్టుచీరలు సగం ధరకే. మిగతా చీరలన్నిటిపై 10 శాతం తగ్గింపు. దసరా నుంచి సిరిమానోత్సవం రోజు వరకు. బిల్లు తెస్తే వారంలోపు మార్చి ఇస్తాం."

కాపీ దిద్దమంటే షాపులో ట్యాగులు కట్టించడమేంటని ఆయన నవ్వారు. కానీ ఆఫరే కంగాళీగా ఉంటే దాన్ని ఎవరూ చక్కటి వాక్యంలో రాయలేరు. ముందు ఆఫర్ తేల్చుకోవాలి, ఆ తర్వాతే వాక్యం.

'నందు', 'ఇవ్వబడును', 'గలవు' లాంటివి నేను కరపత్రంలో ఉంచను. 'అద్దెకు ఇవ్వబడును' అని బోర్డు పెడితే మాత్రం దిద్దను. అది అందరికీ అలవాటైపోయింది, ఎవరికీ అడ్డం రాదు. 'ఆదరాభిమానాలు' నాన్నగారి కాలం నుంచీ ఉన్నాయని పట్టుబడితే చివర చిన్న అక్షరాల్లో ఒక లైను ఇచ్చేస్తాను. వాళ్ల డబ్బు, వాళ్ల గౌరవం.

కొట్టేసినచోట ఏం పెట్టాలన్నది అసలు పని. 'అద్భుతమైన నాణ్యత' అని ఎవరైనా రాస్తారు. పొందూరు ఖాదీ గురించి రాసేటప్పుడు ఆ మాటతో పనేముంది? అక్కడ పత్తిని వాలుగ చేప దవడ పళ్లతో ఏకుతారు, చేత్తో వడుకుతారు. ఆ ఒక్క వాక్యం రాస్తే నాణ్యత అనే మాటే అక్కర్లేదు. యజమానికి తెలిసి, కాపీలో లేని సంగతి ఒకటి ఎప్పుడూ ఉంటుంది. దాన్ని అడిగి రాబట్టండి. అలాగే ఖాదీ అని అమ్మాలంటే ఖాదీ మార్క్ ఉండాలి, 2013 నుంచీ ఆ నిబంధన ఉంది. మర మగ్గం గుడ్డకి 'పొందూరు ఖాదీ' అని రాసిమ్మంటే నేను రాయను.

చట్టం సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే దిద్దేవాళ్లు ఇది లాయర్ల పని అనుకుని వదిలేస్తారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటనకి 10 లక్షల రూపాయల వరకు జరిమానా పడొచ్చు. 2022లో వచ్చిన మార్గదర్శకాలు ఇంకో మాట కూడా చెప్పాయి: ఆఫర్ ఏ భాషలో, ఏ ఫాంటులో ఉందో షరతు కూడా అదే భాషలో, అదే ఫాంటులో ఉండాలి. పైన తెలుగులో చాటింపు, కింద చీమ తలకాయంత ఇంగ్లీషులో షరతు, ఆ పద్ధతి కుదరదు.

షుగరు శాశ్వతంగా నయం చేస్తామని ఎవరైనా కాపీ పంపితే బేరం లేకుండా కొట్టేయండి. ఆ ప్రకటనని 1954 నాటి చట్టమే నిషేధించింది. ఆర్మీ, పోలీసు ఉద్యోగాల కోచింగ్ వాళ్లకి 'ఉద్యోగం గ్యారంటీ' అనే మాట మీద మహా మోజు. 2024 నవంబరులో కోచింగ్ సెంటర్లకి విడిగా మార్గదర్శకాలు వచ్చాయి. ఇలాంటి గ్యారంటీలు ఇవ్వకూడదు. సెలెక్టయిన కుర్రాడి ఫొటో వేయాలంటే, సెలెక్టయ్యాక అతను రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. అందుకే ఫొటోతో పాటు ఆ కాగితం కూడా పంపమంటాను.

ఇక స్థలాల ప్రకటనలు. 'భోగాపురం ఎయిర్‌పోర్టుకి 10 నిమిషాలు!' ఏ బండి మీద, ఎక్కడి నుంచి? నిమిషాలు తీసేసి, జాతీయ రహదారి 16 నుంచి లేఅవుట్‌లోకి ఎన్ని కిలోమీటర్లో రాయించండి. స్థలాలు, ఇళ్ల అమ్మకాల మీద ఉన్న రెరా చట్టం కింద నమోదు కావాల్సిన వెంచరైతే ప్రకటనలో రెరా నంబరు, రెరా వెబ్‌సైటు చిరునామా ఉండి తీరాలి. నంబరు 'వస్తుంది, రాసేయండి' అంటే, వచ్చాకే రాద్దామని చెప్పండి. పలాస జీడిపప్పు ప్యాకెట్ మీద 'ఎమ్మార్పీ ప్లస్ జీఎస్టీ' అని ఉందనుకోండి, అదీ తప్పే. ఎమ్మార్పీ అంటేనే అన్ని పన్నులూ కలిపిన ధర.

కాపీ ఎక్కడికి వెళ్తుందో దాన్నిబట్టి దిద్దడం మారుతుంది. ఊళ్లలోకి ఆటోకి మైకు కట్టి పంపేవాళ్లు ఇంకా ఉన్నారు. అరుగు మీద కూర్చున్నావిడకి ఆటో వీధి మలుపు తిరిగేలోపు వినబడేది రెండు మూడు ముక్కలే. ఆ ముక్కలు ఏవవుతాయో మనకి తెలీదు. అందుకని ప్రతి రెండు వాక్యాలకీ షాపు పేరు, ఊరు, తేదీ మళ్లీ మళ్లీ రావాలి. కరపత్రంలో అలా రాస్తే చదివేవాళ్లకి విసుగు, మైకులో అలా రాయకపోతే వినేవాళ్లకి అయోమయం. 'పై తెలిపిన చిరునామాలో' అని మైకు కాపీలో రాసినవాళ్లున్నారు! మైకు కాపీని పైకి చదివే దిద్దాలి. ఒక్క ఊపిరిలో రాని వాక్యాన్ని రెండు చేయండి. ఉత్తరాంధ్ర యాసలో రాయమని కూడా కొందరు అడుగుతారు. యాస వచ్చినవాళ్లు మైకులో చెబితే బాగుంటుంది. సినిమాల్లోలాగా రాగాలు తీసి రాస్తే మన జనానికే ఒళ్లు మండుతుంది.

ఎస్సెమ్మెస్‌కి జాగా తక్కువ. ఇంగ్లీషులో ఒక మెసేజ్‌కి 160 అక్షరాలు పడితే తెలుగులో 70. అదీ మన కంటికి కనబడే అక్షరాల లెక్క కాదు. 'స్త్రీ' మనకి ఒక్క అక్షరం, ఫోన్‌కి ఆరు. ఒక ఒత్తు దాటినా రెండో మెసేజ్ చార్జీ పడుతుంది. ప్రమోషన్ మెసేజ్‌ల టెంప్లేట్ (మెసేజ్ నమూనా) ముందే టెలికాం కంపెనీల నమోదు వ్యవస్థ అయిన డీఎల్‌టీలో నమోదు చేయాలి కాబట్టి, నమోదుకి ముందే పూర్తిగా దిద్దేయండి. ఆమోదించిన టెంప్లేట్‌లో తర్వాత ఒక మాట మార్చినా మెసేజ్ వెళ్లదు.

ఇప్పుడు అక్షరాలు. మనం యూనికోడ్‌లో దిద్ది పంపిస్తాం, డిజైనర్ దాన్ని అనూ అనే పాత డీటీపీ ఫాంట్లలోకి మారుస్తాడు. మారేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి, లేకపోతే పక్క అక్షరం కిందకి చేరతాయి. కాపీ పేస్టులో 'ఎయిర్‌పోర్టు' కాస్తా 'ఎయిర్పోర్టు' అయిపోతుంది. కాబట్టి మీ ఫైల్లో దిద్దింది లెక్కలోకి రాదు. డిజైనర్ పంపిన ప్రూఫ్‌ని మీ కాపీ పక్కన పెట్టుకుని అక్షరమక్షరం చూడాలి. అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉన్న లైను ముందు చూడండి. అందరి కళ్లూ చిన్న అక్షరాల మీద ఉండగా 'ప్రారంభోత్సవం'లో వత్తు పోయేది అక్కడే.

అంకెల్ని విడిగా, మాటల్ని పట్టించుకోకుండా ఒకసారి చూడండి. ఫోన్ నంబరు ప్రూఫ్‌లోంచే చూసి డయల్ చేయండి, ఎవరెత్తుతారో చూడండి. క్యూఆర్ కోడ్ తెర మీద పనిచేసినా, అచ్చు తీసిన కాగితం మీద కూడా స్కాన్ చేయాల్సిందే. తేదీకి వారం సరిపోయిందా? పోయినేడాది ఫైలే తెరిచి తేదీ మార్చి వారం మార్చకుండా పంపడం మామూలు. సిరిమాను విజయదశమి తర్వాత వచ్చే మంగళవారమే, తొలేళ్లు ముందు రోజు సోమవారం. ఈ ఊళ్లో అవి తప్పు పడితే చదివినవాళ్లంతా పట్టేస్తారు.

చిరునామా కూడా అంతే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక రాజాం విజయనగరం జిల్లాలోకి వచ్చింది, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది. పాత లెటర్‌హెడ్ చూసి రాసిన కాపీల్లో రెండూ ఇంకా శ్రీకాకుళం జిల్లాలోనే ఉంటాయి. శ్రీకాకుళంలో 'ఏడు రోడ్ల కూడలి దగ్గర' అని ఊరుకుంటే సరిపోదు. ఏడింట్లో ఏ రోడ్డో రాయండి.

అంతా అయ్యాక, ఆ షాపుతో సంబంధం లేని ఒకరిచేత చదివించండి. నేను మా పక్కింటి పిన్నిగారికిస్తాను. "బాగుందా?" అని అడగను. "ఎప్పటిదాకా ఉంది పిన్నీ, ఎంత తగ్గిస్తున్నారు?" అని అడుగుతాను. కాగితం తిప్పి చూసుకోకుండా చెప్పారంటే ప్రెస్సుకి పంపేస్తాను.

యజమాని ఓకే చెప్పాక, రాత్రి తొమ్మిదికి "ఒక్క చిన్న మార్పు మాస్టారూ" అని ఫోనొస్తుంది. చేయండి, కానీ మార్చిన ముక్క ఒక్కటే చూసి పంపకండి. ఒక లైను పెరిగితే కింద ఫోన్ నంబరు అంచు దాటిపోవచ్చు. కొత్త పీడీఎఫ్ తెప్పించుకుని మొత్తం చూసి, కొత్తగా ఓకే తీసుకోండి.

అచ్చయ్యాక తప్పు కనబడితే, అది ధరైనా, తేదీ అయినా, ఫోన్ నంబరైనా కరపత్రాలు పేపర్ ఏజెంటుకి చేరకముందే ఆపి స్టిక్కరు వేయించండి. ఒత్తో దీర్ఘమో అయితే, బూతు అర్థం రానంతవరకు, వెళ్లనిచ్చేయండి.